తమ్మె దాటిన సూది

2000లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక చిన్న నగల కియోస్క్‌లో చెవులు కుట్టించుకున్న పిల్లల్లో కొందరికి వరసగా చెవులు వాచాయి. ఎర్రబడటం, మంట, ఆ తర్వాత చీము. ఆరోగ్య శాఖ ఆరా తీసింది. అక్కడ కుట్టించుకున్న 118 మందిని, అంటే మొత్తం 186 రంధ్రాలను లెక్కలోకి తీసుకుంటే, 7 మందికి సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా సోకినట్టు పరీక్షల్లో ఖాయమైంది. ఇంకో 18 మందికి సోకి ఉంటుందని అనుమానించారు. ఖాయమైన ఏడుగురూ 10 నుంచి 19 ఏళ్ల వాళ్లే. నలుగురు ఆస్పత్రిలో చేరారు, నలుగురికి కోసి చీము తీయాల్సి వచ్చింది, కొందరికి చెవి ఆకారమే మారిపోయింది. ఈ వివరాలు 2004లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి.

ఆ ఏడుగురికీ రంధ్రం పెట్టింది చెవి పైభాగాన, స్ప్రింగ్ గన్‌తో, అంటే మీట నొక్కితే పిన్ను చెవిలోకి దూసుకుపోయే పరికరంతో. ఇంతవరకు విన్నవాళ్లు ఎవరైనా తప్పంతా గన్‌దే అనుకుంటారు. కానీ బ్యాక్టీరియా దొరికిన చోటు వేరు. క్రిమిసంహారక మందు పోసి ఉంచిన సీసాలో, అక్కడి సింక్‌లో అది కాపురం పెట్టింది. శుభ్రం కోసం చల్లిన మందే జబ్బును చల్లిందన్నమాట.

పాతికేళ్ల కిందటి ఆ కేసును ఇప్పుడు తవ్వడానికి కారణం ఉంది. హెలిక్స్, ట్రేగస్, కాంక్, రూక్ అనే మాటలు ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలేజీ పిల్లల నోట మామూలుగా వినిపిస్తున్నాయి. చెవి బయటి అంచు హెలిక్స్. చెవి రంధ్రానికి ముందు చిన్న తలుపులా ఉండే ముక్క ట్రేగస్. గిన్నెలా గుంటగా ఉన్న భాగం కాంక్, దాని పైన మడతలా లేచిన గట్టు రూక్. వీటికి పేర్లు వేరైనా అడుగున ఉన్న పదార్థం ఒకటే, కార్టిలేజ్, అంటే మెత్తగా వంగే మృదులాస్థి. స్టూడియోకి ఫోన్ చేసేవాళ్లు సాధారణంగా అడిగేవి మాత్రం రెండే: నొప్పి ఎంత, రేటెంత. ఒరెగాన్ పిల్లల్లో ఎవరినైనా అడిగితే మూడోది చెప్పేవాళ్లు: ఆ సీసా సంగతేంటి?

తమ్మె ఓర్చుకుంటుంది, పైభాగం ఓర్చుకోదు

చెవిని కింది నుంచి పైకి వేళ్లతో తడుముకుంటూ వెళ్తే తేడా తెలిసిపోతుంది. తమ్మె అంటే చర్మం, కొవ్వు, బోలెడన్ని రక్తనాళాలు. అక్కడ గాయమైతే శరీరం వెంటనే రక్తాన్ని పంపిస్తుంది, రక్తంతో పాటు సూక్ష్మజీవులతో పోరాడే కణాలు వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పని అయిపోతుంది.

పైకి వెళ్తే రెండు పలచటి చర్మపు పొరల మధ్య ఒక వంగే పలక తగులుతుంది, అదే కార్టిలేజ్. ఆ పలకలో రక్తనాళాలు లేవు. దాని మీద అతుక్కుని ఉండే పెరికాండ్రియం అనే పొర నుంచి ఊరి వచ్చే పోషకాలతోనే అది బతుకుతుంది. కాబట్టి మానడం నత్తనడక. ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. ఇంకో చిక్కు, గాయం బయటి నుంచి లోపలికి మానుతుంది. మూడో నెలకి పైకి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, లోపలి గొట్టం ఇంకా పచ్చిగానే ఉంటుంది. 'మానిపోయింది కదా' అని నగ మార్చేసి కష్టాలు కొనితెచ్చుకునేది సరిగ్గా ఈ దశలోనే.

ఇన్ఫెక్షన్ సోకితే లెక్క ఇంకా మారిపోతుంది. చీము చేరి ఆ పెరికాండ్రియం పొరను పలక నుంచి పైకి లేపేస్తే, కింది కార్టిలేజ్‌కి తిండి ఆగిపోతుంది. అది చచ్చిపోయాక మునుపటిలా మళ్లీ పెరగదు. కుస్తీ పట్టేవాళ్ల చెవుల్లా ముడుచుకుపోయి గడ్డకడుతుంది. దాన్ని తిరిగి చెవిలా చేయడం ప్లాస్టిక్ సర్జన్లకు కూడా సులువైన పని కాదు.

బావిలీలు పెట్టుకున్న ముత్తవ్వలు

చెవి పై అంచు కుట్టించుకోవడం మనకేమీ కొత్త కాదు. పాతతరం ఆడవాళ్లు అక్కడ బావిలీలు పెట్టుకునేవాళ్లు. పక్కనే మరాఠీ ఇళ్లలో బుగడి అనే నగ కూడా ఆ చోటిదే. 'ఇదంతా విదేశాల మోజు' అని కసురుకునే పెద్దవాళ్లు ఒకసారి తమ ముత్తవ్వ ఫొటో తీసి చూసుకుంటే మంచిది.

ఇక్కడే ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. అప్పుడు ఏ స్టూడియో ఉంది, పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఏ ఆటోక్లేవ్ ఉంది, వాళ్ల చెవులు బాగానే ఉన్నాయిగా? ఉన్నాయి. ఎందుకంటే బాగైన చెవులే నగలు పెట్టుకుని ఫొటోల్లో నిలబడ్డాయి. పాడైన చెవుల లెక్క ఎవరూ రాసి పెట్టలేదు. పైగా ఎక్కువమంది అనుభవం తమ్మెకు సంబంధించినది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, కంసాలి సన్నటి బంగారు తీగ మొన తేల్చి గుచ్చి, అదే తీగను రింగులా మెలి తిప్పేసేవాడు. ఆపైన కొబ్బరినూనె, పసుపు. మూసుకుపోకుండా కొన్నాళ్లు వేప పుల్లో చీపురు పుల్లో. తమ్మె ఇవన్నీ ఓర్చుకుంది. అదే వైద్యాన్ని రెండంగుళాలు పైకి జరిపితే ఓర్చుకుంటుందని అనుకోవడమే పొరపాటు.

అలాగని పాతదంతా చాదస్తమూ కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 16వ అధ్యాయం కర్ణవేధ గురించే. చెవిని ఎడమ చేత్తో లాగి పట్టుకుని, సూర్యకాంతి పడి మెరిసే చోటు, అంటే దైవమే పెట్టిన రంధ్రం లాంటి చోటు చూసి, మెల్లగా, తిన్నగా గుచ్చమంటుంది. కాళిక, మర్మరిక, లోహితిక అనే సిరలకు సూది తగిలితే జ్వరం, వాపు, నొప్పి వస్తాయని హెచ్చరిస్తుంది. ఇప్పటి మంచి పియర్సర్లు కూడా కార్టిలేజ్ కుట్టే ముందు చెవి వెనక చిన్న టార్చ్ పెట్టి చూస్తారు. వెలుతురులో సన్నటి రక్తనాళాలు ఎర్రటి గీతల్లా కనిపిస్తాయి, మార్క్‌ను వాటికి తగలకుండా ఒక మిల్లీమీటర్ పక్కకు జరుపుతారు. ఎండ స్థానంలో టార్చ్ వచ్చింది, అంతే.

స్టూడియోలో ఏం జరుగుతుంది

పద్ధతి తెలిసిన చోట సూది చివర్లో వస్తుంది. ముందు ఒక ఫారం ఇస్తారు. వయసు, షుగర్ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గర్భంతో ఉన్నారా, గుండె కవాటాల సమస్య ఉందా, ఇంట్లో ఎవరికైనా గాయం మీద కీలాయిడ్ (ఉబ్బి పెరిగే మచ్చ) లేచిన చరిత్ర ఉందా, సూది చూస్తే కళ్లు తిరుగుతాయా. పద్దెనిమిది నిండనివాళ్లైతే అమ్మో నాన్నో పక్కన ఉండాలంటారు. ఇదంతా విసుగ్గా అనిపించవచ్చు. ఈ ప్రశ్నలేవీ అడగని చోట డబ్బు మిగలడం సంగతి అలా ఉంచి, అక్కడ అసలు కూర్చోకపోవడమే మేలు.

తర్వాత చెవిని చూస్తారు. ఫోన్‌లో చూపించిన ఫొటోలోని పియర్సింగ్ అందరి చెవులకూ కుదరదు. రూక్ పెట్టాలంటే ఆ మడత తగినంత లేచి ఉండాలి. పై అంచు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే కడ్డీ వేసే ఇండస్ట్రియల్‌కి మధ్యలో గట్టు అడ్డం రాకూడదు. ట్రేగస్ మరీ చిన్నదైతే నగకు చోటే ఉండదు. 'మీ చెవికి ఇది కుదరదు, దీని బదులు ఇది చేద్దాం' అని చెప్పే పియర్సర్ దొరికితే అదృష్టం. వచ్చిన బేరాన్ని వదులుకునే మనిషి సాధారణంగా మిగతా విషయాల్లోనూ నిజాయితీగానే ఉంటారు.

ఏ వైపు తిరిగి పడుకుంటారు, రోజూ హెల్మెట్ పెట్టుకుంటారా, కళ్లజోడు కాడ ఎక్కడ ఆనుతుంది, ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటారు అనేవి కూడా అడుగుతారు. మార్క్‌ను కూర్చోబెట్టి వేస్తారు, ఎందుకంటే పడుకుంటే చెవి కోణం మారుతుంది. అద్దంలో చూపించి, నచ్చకపోతే తుడిచి మళ్లీ వేస్తారు. గుచ్చేటప్పుడు మాత్రం పడుకోబెడతారు. కళ్లు తిరిగితే కింద పడకుండా. ఖాళీ కడుపుతో వెళ్లకూడదని చెప్పేదీ అందుకే. ఇడ్లీయో దోశో తిని వెళ్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

సూది ఒక్కసారి వాడి పారేసేది, లోపల బోలుగా, మొన ఏటవాలుగా కోసి ఉంటుంది. మన దగ్గర చాలా స్టూడియోల్లో ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించడానికి వాడే క్యానులానే వాడతారు. సూది తీసేసినా దాని ప్లాస్టిక్ గొట్టం రంధ్రంలో ఉండిపోతుంది కాబట్టి నగను అందులోంచి తేలిగ్గా పంపించవచ్చు. ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. మందాన్ని చెప్పే గేజ్ కొలత నగలకూ క్యానులాలకూ ఒకటి కాదు. నగల్లో 16 గేజ్ అంటే 1.2 మిల్లీమీటర్లు, 18 గేజ్ అంటే 1 మిల్లీమీటర్. ఆకుపచ్చ మూత ఉండే 18 గేజ్ క్యానులా బయటి మందం దాదాపు 1.3 మిల్లీమీటర్లు. అంటే 16 గేజ్ నగకు 18 గేజ్ క్యానులా సరిపోతుంది. పక్కనున్న స్నేహితురాలు ప్యాకెట్ మీద నంబర్ చూసి 'తప్పు సైజు తీశారు' అని కంగారు పడక్కర్లేదు.

గుచ్చడం ఒకటి రెండు సెకన్ల పని. ఊపిరి వదలమంటారు, ఒక పదునైన ఒత్తిడి, ఆ తర్వాత చెవి వేడెక్కిపోవడం. ముక్కు కుట్టించుకున్నవాళ్లకు కళ్లలో నీళ్లు తిరిగిన జ్ఞాపకం ఉంటుంది, ఇక్కడ సాధారణంగా అది కూడా ఉండదు. నొప్పి గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. అసలు కష్టం ఆ తర్వాతి ఆరు నెలలు.

ఇక ఆటోక్లేవ్. పనిముట్లను 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలో, 134 డిగ్రీల దగ్గర అంతకంటే తక్కువ సమయమో ఉంచి, సూక్ష్మజీవుల బీజాలు కూడా చచ్చేలా చేసే యంత్రం. సూత్రం వంటింటి ప్రెషర్ కుక్కర్‌దే. లోపల ఒత్తిడి పెరిగితే నీరు వంద డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. పనిముట్లు కాగితం, ప్లాస్టిక్ కలిసిన పౌచ్‌లో ఉంటాయి, దాని మీద రంగు మారే గీత ఉంటుంది. ఆ రంగు చూపించి 'స్టెరిలైజ్ అయింది చూడండి' అంటారు. వేడి ఆవిరి తగిలిందని మాత్రమే ఆ గీత చెబుతుంది. యంత్రం నిజంగా పనిచేస్తోందా అన్నదానికి స్పోర్ టెస్ట్ ఉంది. వేడికి తేలిగ్గా చావని జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ బీజాలను లోపల పెట్టి, అవి చచ్చాయో లేదో చూస్తారు. 'మీ స్పోర్ టెస్ట్ రికార్డు ఉందా' అని అడిగితే మొహం చిట్లించకుండా తీసి చూపించే స్టూడియో దొరికితే సగం వెతుకులాట అయిపోయినట్టే. బ్యూటీ పార్లర్లలో నీలం లైటు వెలిగే యూవీ పెట్టె ఆటోక్లేవ్‌కు ప్రత్యామ్నాయం కాదు, వెలుగు పడని మూలల్లో అది ఏమీ చేయలేదు.

గన్ మీద పడ్డ నింద, సగం నిజం

పియర్సింగ్ గురించి ఎవరు మాట్లాడినా చెప్పే మాట ఒకటుంది. గన్‌తో కొడితే కార్టిలేజ్ పగిలిపోతుంది, సూదితో అయితే నీట్‌గా తెగుతుంది. వినడానికి సబబుగా ఉంది. 2008లో నెదర్లాండ్స్ వైద్యులు దీన్ని పరీక్షించారు. చనిపోయినవారి దేహాల నుంచి తీసుకున్న 22 చెవులను రెండు రకాల స్ప్రింగ్ గన్లతో, చేత్తో నొక్కే పరికరంతో, క్యానులా సూదితో గుచ్చి మైక్రోస్కోప్ కింద చూశారు. తేడా దొరకలేదు. అన్ని పద్ధతుల్లోనూ రంధ్రం చుట్టూ పెరికాండ్రియం కొద్దిగా లేచింది, సూది బయటికి వచ్చిన వైపు మరికాస్త ఎక్కువ. అన్నింటిలోనూ కార్టిలేజ్ చిట్లింది. కాబట్టి ఇన్ఫెక్షన్ రాకుండా ఉండాలంటే శుభ్రత మీద, తర్వాతి సంరక్షణ మీద దృష్టి పెట్టాలని తేల్చారు.

సూదిని పూజించేవాళ్లకు ఇది మింగుడుపడదు. గన్ అమ్ముకునేవాళ్లకు సంబరమూ అక్కర్లేదు. గన్‌తో ఉన్న చిక్కులు వేరే ఉన్నాయి. పాత రకం గన్ ప్లాస్టిక్ శరీరం ఆటోక్లేవ్ వేడిని తట్టుకోదు, స్పిరిట్ దూదితో తుడిచి తర్వాతి మనిషికి వాడతారు. దాంతో వెళ్లే పిన్ను పొడవు తమ్మెను దృష్టిలో పెట్టుకుని చేసింది. వెనక సీతాకోకచిలుక రెక్కల్లాంటి బిగుతు క్లిప్ ఉంటుంది. కార్టిలేజ్ వాచడం మొదలయ్యాక ఆ క్లిప్ చర్మాన్ని నొక్కేస్తుంది, దాని మడతల్లో రసి, జుట్టు, మురికి చేరి గట్టిపడతాయి. కోణం సరిచూసుకునే వీలూ తక్కువే. పైన చెప్పిన డచ్ పరీక్ష మొదటి సెకను గురించి. ఆ తర్వాతి వారాల్లో చెవిలో ఏ నగ ఉందన్నది ఆ పరీక్ష పరిధిలో లేదు, అసలు తేడా మొదలయ్యేది అక్కడే.

గాయంలో పెట్టే లోహం

స్టూడియో బిల్లులో నగ ధర కుట్టిన కూలి కంటే ఎక్కువ ఉండటం చూసి చాలామంది 'నగ ఇంట్లోంచి తెచ్చుకుంటాం' అంటారు. అమ్మ చేయించిన బంగారు కమ్మ ఉండగా టైటానియం ఎందుకని.

మన బంగారం 22 క్యారెట్లు, అంటే 91.6 శాతం. లోహంగా మంచిదే, కానీ మెత్తన. తేలిగ్గా గీతలు పడతాయి, ఆ గీతల్లో మురికి చేరుతుంది. అంతకంటే పెద్ద సమస్య వెనక మర. మన కమ్మల కాడ మీద మర బయటికే ఉంటుంది. మానిన రంధ్రంలో పర్వాలేదు, పచ్చి గాయంలోంచి దాన్ని తిప్పుతూ దూర్చడమంటే చిన్న ఆకురాయితో లోపల గీరినట్టే. స్టూడియో వాళ్లు వాడే నగల్లో కాడ నున్నగా ఉంటుంది, మర దాని లోపలి వైపు ఉంటుంది, లేదా మర లేకుండా నొక్కితే బిగుసుకునేది. వెనక ఒక పలచటి బిళ్ల మాత్రమే. అమెరికాలో 1994లో మొదలైన అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ పియర్సర్స్ కోరేవి కూడా ఇవే. ఇంప్లాంట్ స్థాయి టైటానియం, దానికి ఏఎస్‌టీఎం ఎఫ్-136 అనే ప్రమాణం ఉంది. లేదంటే నయోబియం, నికెల్ కలవని 14 క్యారెట్లు లేదా అంతకుమించిన బంగారం. ఎముకలకు వేసే ఇంప్లాంట్లలో వాడే మిశ్రమ లోహం కూడా ఆ ఎఫ్-136 టైటానియమే.

'సర్జికల్ స్టీల్' అన్న మాట చూసి మోసపోనక్కర్లేదు, అది ఎక్కువగా అమ్మకం మాట. మామూలుగా ఆ పేరుతో అమ్మే 316 ఎల్ స్టీల్‌లో 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. ఆర్టిఫిషియల్ నగలు పడవని, పెట్టుకుంటే దురద వస్తుందని చెప్పేవాళ్లలో చాలామందికి పడనిది ఆ నికెలే. యూరప్‌లో గాయంలో పెట్టే కాడల నుంచి వారానికి చదరపు సెంటీమీటర్‌కి 0.2 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ నికెల్ బయటికి రాకూడదని నియమం ఉంది. వన్ గ్రామ్ గోల్డ్ నగలైతే పచ్చి రంధ్రం దగ్గరికి కూడా తేకూడదు. పూత అరిగాక లోపలున్నది ఏ లోహమో అమ్మినవాళ్లకే తెలియదు.

ఇంటికొచ్చాక

ఇంట్లో మొదటి రోజే మూడు సలహాలు వస్తాయి. పసుపు రాయి, కొబ్బరినూనె పెట్టు, అతుక్కుపోకుండా రోజూ తిప్పు. మూడూ ప్రేమతో చెప్పినవే, మూడూ పక్కన పెట్టాల్సినవే. తిప్పితే కొత్తగా కడుతున్న చర్మం చిరుగుతుంది. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అయితే సూక్ష్మజీవులతో పాటు గాయాన్ని మాన్చే కణాలనూ కాల్చేస్తాయి. కావాల్సింది 0.9 శాతం ఉప్పున్న స్టెరైల్ సలైన్, అది కూడా రోజుకు రెండుసార్లు చాలు. చిన్న ప్యాక్ కొనుక్కోవాలి, తెరిచిన పెద్ద సీసాను నెలల తరబడి వాడితే ఒరెగాన్ సీసా కథే. తెల్లగా, కాస్త పసుపుగా రసి కారి పక్కు కట్టడం మామూలే. గోటితో గిల్లకుండా సలైన్‌తో తడిపితే అదే రాలుతుంది. తర్వాత ఆరబెట్టాలి. సూడోమోనాస్‌కి తడి అంటే ప్రాణం. టవల్ దారాలు నగకు చిక్కుకుంటాయి కాబట్టి టిష్యూ మేలు. స్విమ్మింగ్ పూల్, చెరువు, నదిలో మునకలు మానేదాకా వద్దు.

అసలు పరీక్ష రాత్రిళ్లు. ఆ వైపు తిరిగి పడుకుంటే బరువంతా నగ మీద పడి, కోణం ఒరిగి, రంధ్రం పక్కన బుడిపె లేస్తుంది. ప్రయాణాల్లో మెడకు పెట్టుకునే దిండును మంచం మీద పరుచుకుని, చెవి మధ్య ఖాళీలో ఉండేలా పడుకుంటే ఇబ్బంది ఉండదు. పగలు జడపిన్నులు, మల్లెపూల దండ, చున్నీ, హెల్మెట్ తీసేటప్పుడు ఒక్క లాగుడు. నెల రోజుల ఓపిక ఆ ఒక్క లాగుడుతో పోతుంది.

బుడిపె లేచిన ప్రతిసారీ 'అయ్యో కీలాయిడ్' అని ఏడవక్కర్లేదు. మొదటి నెలల్లో రంధ్రం అంచునే లేచి, ఎర్రగా, తడిగా ఉండే బుడిపె చాలావరకు రాపిడి వల్లే. కారణం తీసేస్తే వారాల్లో తగ్గుతుంది. కీలాయిడ్ గాయం హద్దు దాటి పెరుగుతూ పోతుంది, తనంతట తాను తగ్గదు. చామనఛాయ, నలుపు ఒంటివాళ్లలో ఎక్కువ. దానికి డెర్మటాలజిస్ట్ ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ లాంటి చికిత్సలే తప్ప, టీ ట్రీ ఆయిల్ చుక్కలతో పోదు.

రాపిడికి పెద్ద కారణం ఒకటి స్టూడియో బయట ఎవరూ చెప్పరు. మొదట పెట్టే కాడ కావాలనే పొడుగ్గా ఉంటుంది, వాపుకు చోటు కోసం. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వాపు దిగాక ఆ అదనపు పొడవు అటూ ఇటూ ఊగుతూ రంధ్రాన్ని ఏటవాలుగా లాగుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లి పొట్టి కాడ వేయించుకోవాలి. ఈ రెండో విజిట్ గురించి ముందే చెప్పి, తేదీ రాసిచ్చే చోటే ప్రొఫెషనల్ అనే మాటకు అర్థం ఉన్న చోటు. గన్ కొట్టి పంపించే కౌంటర్‌కి రెండో విజిట్ అనేది ఉండదు.

నిజమైన ఇన్ఫెక్షన్‌ని గుర్తుపట్టే గుర్తు ఒకటుంది. చెవి పైభాగమంతా ఎర్రగా, వేడిగా, ముట్టుకోనీయనంత నొప్పిగా ఉబ్బి, తమ్మె మాత్రం మామూలుగా ఉంటే అది పెరికాండ్రైటిస్, అంటే పెరికాండ్రియం పొరకు సోకిన వాపు, అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే తమ్మెలో కార్టిలేజ్ లేదు. ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అమాక్సిసిలిన్ సూడోమోనాస్ మీద పనిచేయదు. ఒరెగాన్‌లో కూడా చాలామందికి మొదట ఇచ్చిన యాంటీబయాటిక్స్ ఆ బ్యాక్టీరియాకు తగినవి కావు. డాక్టర్లు సాధారణంగా సిప్రోఫ్లోక్సాసిన్ లాంటిది ఎంచుకుంటారు. డోసు, నగ తీయాలా ఉంచాలా అన్నవి వాళ్లే తేల్చాలి.

లైసెన్స్ లేని ఊళ్లో

వేల్స్‌లో 2024 నవంబర్ నుంచి పియర్సింగ్, టాటూ చేసేవాళ్లు తప్పనిసరిగా లైసెన్స్ తీసుకోవాలి. మన దగ్గర పియర్సర్‌కి అలాంటి ప్రత్యేక పరీక్ష ఏదీ లేదు, ట్రేడ్ లైసెన్స్ ఉంటే బోర్డు పెట్టేయొచ్చు. కాబట్టి ఇన్‌స్పెక్టర్ పని కస్టమరే చేసుకోవాలి. పౌచ్ తన కళ్ల ముందు విప్పుతున్నారా, కొత్త గ్లౌజులు వేసుకున్నాక మళ్లీ ఫోన్ ముట్టుకున్నారా, వాడిన సూది చెత్తబుట్టలోకి పోయిందా లేక ఆస్పత్రుల్లో ఉండే గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి పోయిందా. ఐదు నిమిషాలు కళ్లు తెరిచి కూర్చుంటే తెలిసిపోయే సంగతులివి. చెవి రంధ్రానికి పైనున్న మడతలో పెట్టే డెయిత్ కుట్టించుకుంటే మైగ్రేన్ పోతుందని చెప్పి అమ్మే చోట మాత్రం ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు. దానికి సరైన ఆధారం లేదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది పెళ్లి ముందు. ముహూర్తానికి నెలన్నర ముందు హెలిక్స్ కుట్టించుకుని, అదే చెవి మీదుగా మాటీలు, చెంపస్వరాలు కట్టించుకునే పెళ్లికూతుళ్లు ఉంటారు. గొలుసు బరువు, రాపిడి రెండూ ఆ పచ్చి రంధ్రం మీదే. మాఘమాసంలో పెళ్లి అనుకుంటే కుట్టించుకోవాల్సింది వైశాఖంలో. అప్పటికే ఆలస్యమైపోతే ఆ రోజుకి నున్నటి చిన్న టాప్ ఒక్కటే ఉంచి, మేకప్ ఆవిడకు ముందే చెప్పి, మాటీల కొక్కేన్ని చెవికి ఆనకుండా జుట్టులో పైకి పెట్టించుకోవాలి. హెయిర్ స్ప్రే కొట్టేటప్పుడు చెవి మీద ఒక టిష్యూ మడిచి పట్టుకోవడానికి చెల్లెల్ని పక్కన నిలబెట్టుకుంటే చాలు.